రెండో కాగితం చదవలేదు

తొమ్మిదేళ్లుగా ఒక విషయం కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. బరువుగానే ఉంది. అయినా వేళకు తిన్నాను, నిద్రపోయాను, పెళ్లి చేసుకున్నాను, పాతబస్తీలో నలుగురి నోటా మంచివాడినన్న పేరూ తెచ్చుకున్నాను. పశ్చాత్తాపంతో చిక్కిపోయానని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ అది నిజం కాదు. ఆడిన అబద్ధం ఒకటి చాలు. నా పేరు మాత్రం చెప్పను. మిగతాదంతా చెబుతాను.

మాది మాదన్నపేట. ఇంట్లో బర్రెల పాడి. ఆ పని నా వల్ల కాదని టైపు నేర్చుకున్నాను. ఒక నవాబు దేవిడీలో, అంటే ఆయన ఉండే పెద్ద మహలులో, ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసే ఉద్యోగం దొరికింది. ఆ ఆవరణలోనే చిన్న బంగళాలో ఒక ఇంగ్లీషు దొరసాని ఉండేది. నవాబు కూతుళ్లకు చదువు చెప్పేది. అందరం మేమ్‌సాబ్ అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్లో మూడేళ్లు పంతులమ్మగా పనిచేసిందట. ఇప్పుడు ఫ్రెంచివాళ్ల బతుకు మీద పుస్తకం రాస్తున్నది. రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆమె చేతిరాతను టైపు చేయడం నా పని.

ఆ పుస్తకం నాకు భలే సరదాగా ఉండేది. దొరలందరూ ఒకటే జాతి అనుకునేవాణ్ని. కాదట. మా మాదన్నపేట పాలవాళ్లు పక్క బస్తీ పాలను ఎంత అనుమానంగా చూస్తారో, ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లను అంత అనుమానంగా చూస్తారట. పొద్దున చేయి కలిపిన మనిషితోనే మధ్యాహ్నం మళ్లీ కలుపుతారు, వీళ్లకు వేరే పని లేదా అని రాసింది. రొట్టె రెండు పూటలా కొంటారు, నిన్నటిది తింటే ప్రాణం పోతుందా అని రాసింది. మధ్యాహ్నం రెండు గంటలు దుకాణాలన్నీ మూసి ఊరంతా భోజనానికి కూర్చుంటుంది, ఇక వ్యాపారం ఎప్పుడు చేస్తారని రాసింది. ఒక్కో పేజీ అయ్యాక చదివి వినిపించి, "ఎలా ఉంది, మున్షీ?" అని అడిగేది. ఫ్రాన్సు ఏ దిక్కున ఉందో తెలియని నన్ను! బాగుందనేవాణ్ని. ఆమె మురిసిపోయేది, నేనూ మురిసిపోయేవాణ్ని. పుస్తకం ముగింపుకు వచ్చింది. ముందుమాటలో నా పేరు వేస్తానని మాటిచ్చింది.

అప్పుడు మేడమ్ వచ్చింది.

నవాబు మోటార్లు బాగుచేయడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన మిస్త్రీ భార్య ఆమె. భర్త ఇక్కడే జ్వరంతో పోయాడు. ఆమె వెనక్కి వెళ్లలేదు. జనానాలో బేగంలకు, వాళ్ల పిల్లలకు గౌన్లు కుడుతూ దేవిడీ వెనక గల్లీలో ఒక గది తీసుకుని ఉండేది. గల్లీ అంతటికీ దర్జీ మేడమ్. ఇంగ్లీషు రాదు గానీ బేగంల దగ్గర నేర్చుకున్న ఉర్దూ గలగలా మాట్లాడేది. ఒక శుక్రవారం సెలవునాడు మేమ్‌సాబ్ ఆమెను కాఫీకి పిలిచింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. ఇద్దరూ ఫ్రెంచిలో వాదించుకునేవాళ్లట, నవ్వుకునేవాళ్లట. శనివారం నేను వెళ్లేసరికి నేను టైపు చేసిన పేజీల నిండా మేమ్‌సాబ్ దిద్దిన ఎర్ర సిరా.

మేమ్‌సాబ్ పుస్తకాన్ని కొత్తగా కట్టింది. ప్రతి విషయానికీ రెండు కాగితాలు. మొదటి కాగితం మీద 'చూసింది' అని శీర్షిక. అందులో పాత వెక్కిరింతే ఉంటుంది. రెండో కాగితం మీద 'తెలిసింది'. చేయి కలపడం గురించి రెండో కాగితంలో ఇలా ఉంది: పొద్దున బాగున్న మనిషి మధ్యాహ్నానికి ఎలా ఉన్నాడో వాళ్లు చేయి పట్టుకుని చూస్తారు, మేము ఇంగ్లీషువాళ్లం వాతావరణం గురించి మాట్లాడి తప్పించుకుంటాం. ఇలా ప్రతి అధ్యాయమూ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. వేళ్లు నొప్పి పెట్టాయి. కానీ కోపం వేళ్ల నొప్పి వల్ల కాదు. "ఎలా ఉంది, మున్షీ?" అన్న ప్రశ్న ఆగిపోయింది. ఆమె ఇప్పుడు అడిగేది మేడమ్‌ను. మేడమ్ కుర్చీలో కూర్చుని చెప్పేది. నేను రెండేళ్లు నిలబడి చెప్పాను. దీన్ని అసూయ అంటారు. ఇంకో పేరు వెతకను.

యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయిందని పత్రికల్లో వచ్చింది. మేడమ్‌కు చెల్లెలి దగ్గర నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక ఈ పట్నంలో ఆమె తన భాషలో మాట్లాడుకోగలిగిన మనిషి మేమ్‌సాబ్ ఒక్కతే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

చివరి అధ్యాయం స్నేహం మీద. మేమ్‌సాబ్ అందులో మేడమ్ గురించే రాసింది. అచ్చయ్యాక ఇచ్చి ఆశ్చర్యపరచాలని ఆమెతో ఏమీ చెప్పలేదు. మొదటి కాగితం ఎప్పటిలాగే వెక్కిరింత: ఆ టోపీ, ఆ గొంతు, సలాడ్‌లో నూనె ఎంత పోయాలన్నదాని మీద గంటసేపు యుద్ధం. ఆఖర్న, పోయిన మొగుణ్ని తలచుకుని వలవలా ఏడ్చి, ఆ వెంటనే ముక్కు తుడుచుకుని కాఫీలో ఇంకో చెంచా చక్కెర అడిగే విధవ. రెండో కాగితం వేరు, అందులో మేమ్‌సాబ్ ఇలా రాసింది: నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు పడుకుంటే నేల మీద చాప వేసుకుని నా పక్కన ఉన్నది ఈమె. ఏడుస్తూనే చక్కెర అడగగలగడం బతకడం తెలిసినవాళ్ల పని, అది మా వాళ్లకు చేతకాదు. నాకు తోబుట్టువు లేదు, ఈమె ఉంది. ముఖం మీద చెప్పలేను గనుక పుస్తకంలో రాస్తున్నాను. అదీ రెండో కాగితం. దాన్ని రెండుసార్లు చదివాకే టైపు చేశాను.

మేమ్‌సాబ్ లోపల పిల్లలకు పాఠం చెబుతున్న ఒక మధ్యాహ్నం మేడమ్ వరండాలోకి వచ్చింది. చేతిలో కొలతల టేపు. మేమిద్దరం ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుకునేవాళ్లం.

"మున్షీ, నా గురించి రాసిందట గద, నవాబు బిడ్డలు చెప్పిన్రు. జర చదువు."

"మేమ్‌సాబ్ చెప్పొద్దన్నరు, మేడమ్."

"నేను ఎవ్వరికి చెప్ప. ఒక్క కాగితం. బస్, ఒక్కటే."

ఒక్కటే అని ఆమే అన్నది కదా? ఆ మాట పట్టుకుని నేను ఎన్నేళ్లు గడిపానో మీకు తెలియదు. మొదటి కాగితం తీశాను. వాక్యం వాక్యం ఉర్దూలోకి మార్చి చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. టోపీ దగ్గర ఆమె నవ్వింది. సలాడ్ దగ్గర కూడా నవ్వింది. మొగుడి దగ్గరకు వచ్చేసరికి టేపును వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"ఇంక ఏమన్న రాసిందా?"

రెండో కాగితం నా బొటనవేలి కిందే ఉంది.

"అంతే, మేడమ్."

"అచ్ఛా," అని వెళ్లిపోయింది.

ఆ శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. మేమ్‌సాబ్ బల్ల మీద రెండు కప్పులు పెట్టించి కూర్చుని, సాయంత్రానికి ఒకటి తీయించేదని నౌకరు చెప్పాడు. మూడో వారం కేకు చేయించి నౌకరుతో పంపింది. తీపి తినడం మానేశాను, షుక్రియా, అన్న కబురుతో అది అలాగే వెనక్కి వచ్చింది. మేమ్‌సాబ్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మేమ్‌సాబ్ కారణం అడగవచ్చు కదా అంటారు. అడగదు. నేను టైపు చేసిన పుస్తకంలోనే ఉంది: స్నేహితులు మొహం చాటేస్తే ఎందుకని అడగడం ఇంగ్లీషువాళ్లకు మర్యాద కాదు. మేడమ్ వచ్చి కడిగేయవచ్చు కదా అంటారు. అదీ అందులోనే ఉంది: సలాడ్ కోసం అరిచే ఫ్రెంచి మనిషి తన దుఃఖాన్ని ఎవరైనా నవ్వులాటకు వాడుకుంటే అరవదు, రావడం మానేస్తుంది. ఇద్దరి స్వభావాలూ నాకు పేజీల లెక్కన కంఠతా వచ్చు. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. నేను పట్టుబడను. అంతా నేను అనుకున్నట్టే జరిగింది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా.

మా అమ్మ ఒకరోజు అడిగింది. "గా దర్జీ మేడమ్ మన పాలు బంద్ చేసిందేందిరా? దేవిడీల లొల్లి ఏమన్న అయిందా?" నాకేం ఎరుక అన్నాను. అమ్మ నన్ను కాసేపు చూసి బర్రెల దగ్గరికి పోయింది.

కొన్ని నెలలకు మేడమ్ గది ఖాళీ చేసి పాండిచ్చేరి వెళ్లిపోయింది. అక్కడ తన భాష మాట్లాడేవాళ్లు ఉంటారని ఎవరో చెప్పారట. మేమ్‌సాబ్‌కు ఈ సంగతి మూడు రోజుల తర్వాత ఒక బేగం చెబితే తెలిసింది. ఆమె ఏడవలేదు. మరునాడు నాకొక చేతిరాత కాగితం ఇచ్చి, చివరి అధ్యాయంలో రెండో కాగితం చింపేసి దీన్ని టైపు చేయమంది.

అందులో ఇలా ఉంది: ఫ్రెంచివాళ్ల స్నేహం వెచ్చగా మొదలై కారణం లేకుండా చల్లారుతుంది. వాళ్లను అర్థం చేసుకున్నాననుకున్నాను. మొదట చూసిందే నిజం.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోరు తెరిస్తే చాలు, పాండిచ్చేరికి ఒక ఉత్తరం పోతే చాలు. ఎందుకు తెరవలేదు? ఉద్యోగం పోతుందనా? నా అసలు ఉద్యోగం నవాబు దగ్గర, అది పోయేది కాదు. సిగ్గా? సిగ్గు ఉన్నవాడు ముందే ఆగేవాడు. ఆ పొద్దు ఆమె కాగితం ఇస్తూ చాలాకాలానికి మళ్లీ, "ఎలా ఉంది, మున్షీ?" అని అడిగింది. అందుకే తెరవలేదు. బాగుందన్నాను. పాతది చింపాను. కొత్తది ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను.

యుద్ధం అయ్యాక మేమ్‌సాబ్ తన దేశం వెళ్లిపోయింది. పుస్తకం లండన్‌లో అచ్చయి ఒక ప్రతి నాకు పోస్టులో వచ్చింది. ముందుమాటలో నా పేరు ఉంది. చూసి ముందు సంతోషపడ్డాను, దాచను. చివరి పేజీ చదివాక పుస్తకం మూసేశాను. నాది ఒక గల్లీలో, ఒక వరండాలో చేసిన తప్పు అనుకున్నాను. అది ఒక దేశం మనుషుల మీద తీర్పయి అచ్చులో కూర్చుంది. ఎక్కడో ఎవరో చదివి, ఓహో, ఫ్రెంచివాళ్లు ఇంతేనన్నమాట అని తల ఊపుతుంటారు.

పోయిన నెల దేవిడీకి కబురొచ్చింది, మేమ్‌సాబ్ చనిపోయిందట. మేడమ్ ఉందో లేదో తెలియదు. వెతకలేదు, అదీ ఒప్పుకుంటున్నాను. మాఫీ అడగడానికి ఇది రాయలేదు. ఇవ్వగలిగిన ఇద్దరూ ఇక నా అందుబాటులో లేరు, మీరు ఇచ్చినా అది చెల్లదు. ఆ పుస్తకం ఎప్పుడైనా మీ చేతికి వస్తే చివరి పేజీ నమ్మకండి. స్నేహం చల్లారడానికి కారణం ఉంది. ఆ కారణం నేను. ఇన్నేళ్లకు ఒకరికి చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతున్నది.