గొట్టము క్రింది రాయి

ఇరువది యేండ్లుగా ఒక పలకరాయి బరువును నేను మోయుచున్నాను. ఎవరికిని చెప్పలేదు. చదువరీ, నీవు నన్నెరుగవు. అందువలననే నీతో చెప్పగలుగుచున్నాను.

మా ఊరు బారువకు దగ్గర. మా పెరటి తామరకొలనునకు నూతితొట్టినుండి మట్టిగొట్టములలో నీరు వచ్చుచుండెను. అవి పగిలినందున బాగుచేయుటకును, ఆ వరుసను కొబ్బరిచెట్ల నడుమ త్రవ్వించిన క్రొత్త కొలనువరకు పొడిగించుటకును సింహాద్రి యను పనివానిని పిలిపించితిని. సున్నమును బెల్లపునీటితో నూరి, కొబ్బరిపీచు కలిపి అతడు అతుకులు మెత్తుచుండగా చూచుట యొక ముచ్చట. మందస కోటతోటలో గొట్టములు వేయుపని అతనికి రావలసియుండెను. మా పెరటిపని చూచి నిశ్చయించెదనని ఆ తోటల అధికారి కబురంపెను.

నీరు పడు మూతి కొలని నీటిమట్టమునకు జేనెడెత్తున నుండవలెనని నేను శాస్త్రమున చదివియుంటిని. సింహాద్రి దానిని పల్లమున నుంచెను. నా శిష్యులు వినుచుండగా ఆక్షేపించితిని. అతడు తల యెత్తకయే, "నీరు సదూకోనేదు పంతులుబాబూ. దానికి పల్లవే తెలుసు. మూతి ఎత్తితే ఎనక్కి తన్నేత్తాది, అతుకులిడిపోతాయి" అనెను.

శిష్యులు నవ్విరి.

ఆ నవ్వే గదా కారణము? శాస్త్రగౌరవము నిలుపుటకే చేసితినని చాలకాలము నాకు నేను చెప్పుకొంటిని. శాస్త్రమునకు నా సాయమేల?

మధ్యాహ్నము అతడు అంబలి త్రాగుటకు పోయెను. నేను గోతిలోనికి దిగి, చివరి రెండు గొట్టముల నెత్తి, క్రింద పలకరాయి నుంచి, మన్ను కప్పితిని. పచ్చి అతుకు చిట్లిన చప్పుడు వినబడెను. వినియు కప్పితిని.

సాయంకాలము అధికారి వచ్చెను. తొట్టినుండి నీరు వదలిరి. క్రొత్తకొలనులో చుక్క పడలేదు. చివరి గొట్టములకడ మన్ను తడిసి క్రుంగెను. సింహాద్రి వట్టిచేతులతో త్రవ్వెను. రాయి బయటపడెను. దానిని చూచెను. నా పంచెయంచున ఎండిన మంటిని చూచెను.

"ఈ రాయి నానెట్టింది కాదు బాబూ."

"అయితే నేను పెట్టానంటావా?"

అతడు చేతిమన్ను దులుపుకొని, "నానంటే మాత్రం ఎవులు నమ్ముతారు బాబూ" అనెను.

అధికారి నా ముఖము చూచెను. ఒక్క నిజపుమాట చాలియుండెడిది. "వీనికి పని చేతగాదు" అంటిని.

కోటపని మరియొకనికి పోయెను. ఈ ప్రాంతమున పిదప ఎవరును సింహాద్రిని పిలువలేదు. కొన్ని నెలలకు అతడు బారువలో రంగూను ఓడ యెక్కెను. తిరిగి రాలేదు. బ్రతికియున్నాడో లేడో తెలియదు.

అతడు పోయిన వారమునకు నేను ఆ రాయిని తీసివేసి, అతనివలె సున్నము నూరి, మూతిని అతడుంచిన చోటనే యుంచితిని. నీరు చక్కగా పారెను. పనివాని తప్పును పంతులుగారు దిద్దిరని ఊరు మెచ్చుకొనెను. నేను కాదనలేదు. రాయి పెట్టుటకన్న ఇదియే పెద్దపాపమేమో?

నేటికిని నీరు అతడు చూపిన పల్లముననే పారుచున్నది. ఆ రాయి కొలని గట్టున నున్నది. దానిపై నే నెన్నడును కాలు మోపలేదు.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు నందురు. ఇప్పుడు నీవును ఎరుగుదువు. నేను కోరినది అంతే.