పొద్దున పూట ఒక్కడే డాక్టరు

జ్యోతిలక్ష్మిది కుందుర్పి. కూలి చేసుకునే ఇంట పుట్టి, డాక్టరు చదివి, సర్కారు ఆసుపత్రిలో క్యాజువాలిటీకి పెద్ద డాక్టరైంది. చెయ్యి మంచిదని పేరు. ఈ మధ్యే మనిషి సగమైపోయింది.

తనతో కలిపి అక్కడున్నది నలుగురు డాక్టర్లు. పొద్దున తనూ ప్రతాపూ, మధ్యాహ్నం నుంచి నరేంద్ర, రాత్రికి ఇంకొకరు. జనం మాత్రం పొద్దు వాలాకే విరగబడతారు. కూలీల ఆటోలు బోల్తాపడేదీ, పురుగుల మందు తాగినవాళ్లను మోసుకొచ్చేదీ ఆ వేళే. నరేంద్ర ఒక్కడే ఒకరికి కుట్లు వేస్తూ ఇంకొకరిని చూడమని నర్సులకు కేకలు పెట్టేవాడు.

ఇంకో డాక్టరు కావాలని ఆమె సూపరింటెండెంటును అడిగింది.

"దినానికి వచ్చేవాళ్లను నలుగురితో భాగించు. సరిపోతాదమ్మా," అన్నాడాయన.

"జనం భాగించుకోని రారు సార్. సాయంత్రం ఒక్కసారే వచ్చి పడతాండారు."

ఇంకో డాక్టరును ఇవ్వలేమన్నాడు. గత్యంతరం లేక ఆమె తన డ్యూటీనే సాయంత్రానికి మార్చుకుంది. నరేంద్ర కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున లారీ గుద్దిన పిల్లవాణ్ణి తెచ్చారు. ప్రతాప్ వాడిమీద వంగి ఉండగా శింగనమల నుంచి ఆదెన్న తన భార్య తిప్పమ్మను మోసుకొచ్చాడు. గుండెలో మంట అంది. నర్సు కృపాకుమారి రెండుసార్లు పిలిచింది. ప్రతాప్ పిల్లవాణ్ణి వదిలి రాలేకపోయాడు. వచ్చేసరికి తిప్పమ్మ ప్రాణం పోయింది. పిల్లవాడు బతికాడు.

కబురందుకుని జ్యోతిలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. ఆదెన్న గోడకు చేరగిలబడి ఉన్నాడు.

"ఈడ ఇంకో డాక్టరు ఉండల్లంట గదా. సాయంత్రానికి మార్చినారంట. ఎవురు మార్చినారమ్మా?"

"నేనే అన్నా. ఈడ ఉండాల్సిన డాక్టర్ని నేనే."

ఆయన తిట్టలేదు. "నొప్పి ఏ పూట రావల్లో మాకు ముందే చెప్పింటే బాగుండు గదమ్మా," అన్నాడు.

పాత పద్ధతే పెట్టమని సూపరింటెండెంటు కబురు పంపాడు. పెడితే సాయంత్రం ఇంకెవరో పోతారు. అందుకని ఆమె రెండు పూటలూ వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేసింది. నిద్రలేక కళ్లు మండేవి. ఒకనాడు చంటిబిడ్డకు పెద్దవాళ్ల మోతాదు రాసింది. కృపాకుమారి సిరంజి పక్కన పెట్టి, "మేడం, ఒకసారి చూడండి," అంది మెల్లగా.

జ్యోతిలక్ష్మి తను రాసిన మోతాదు చూసుకుంది. చీటీ తిరగరాసి, బిడ్డకు మందు పడ్డాక, తిన్నగా సూపరింటెండెంటు గదికి పోయింది.

"ఇంకొకర్ని ఇయ్యండి సార్. లేదంటే ఏ పూట ఎవురిని సావనియ్యల్లో మీరే చెప్పండి. నాకు చేతకాదు."

ఆయన పై అధికారులకు రాస్తానన్నాడు. రాశాడు కూడా. కొత్త డాక్టరు ఇంకా రాలేదు. ఆమె మాత్రం రెండు పూటలూ వస్తూనే ఉంది. మందు రాసిన ప్రతిసారీ చీటీని ముందు కృపాకుమారికి చూపిస్తోంది.