గుడ్డ తగిలినా ముట్టినట్టే

రత్నమణి టీచరుగారిని జగ్గయ్యపేటలో చాలాకాలం ఒక చెయ్యిగానే ఎరుగుదురు. ఆమె తండ్రి సొలొమోను గారు రిటైరైన కాంపౌండరు. చదరంగం అంటే పిచ్చి. ముసలితనంలో రెండు కళ్లకూ పొరలు కమ్మి బల్ల కనపడకుండా పోయినా ఆట మానలేదు. సాయంత్రం అరుగు మీద చాప వేయించుకుని కూర్చునేవాడు. ఎదుటివాడు వేసిన ఎత్తు కూతురు చెప్పేది. ఆయన నోటితో చెప్పిన ఎత్తు ఆమె బల్ల మీద వేసేది. ఆడటానికి వచ్చేవాళ్లు ఆమెను "సొలొమోను గారి చెయ్యి" అనేవారు.

మాది ఎదురిల్లు. నాకు ఆట చూడటమే గాని ఆడటం రాదు. అయినా ఒకటి కనిపెట్టాను. చివరి ఏళ్లలో ఎత్తు చెప్పడం పెద్దాయన మానేశాడు. "నాన్నా, ఏనుగు జరపనా?" అని ఆమె అడిగేది. "ఊఁ" అనేవాడు. కొన్నాళ్లకు ఆ ఊఁ కూడా గురకలో కలిసిపోయింది. ఎదుటివాళ్లు ఓడిపోతూనే ఉన్నారు. ఓడిపోయి, గోడకానుకుని నిద్రపోతున్న ఆయనకు దణ్ణం పెట్టి, "బుర్రంటే పెద్దాయనది" అనుకుంటూ వెళ్లేవారు. లారీ నడిపే చాంద్ బాషా ఒక్కడే ఒకసారి నోరు జారాడు.

"ఏందమ్మాయ్, మీ నాన్న నిద్దరోతా కూడా ఓడిస్తన్నాడే!"

"కల్లో కూడా ఆయనకిదేనండీ" అంది ఆమె, పావులు సర్దుతూ.

సొలొమోను గారు యాభై ఏడులో పోయారు. ఆ తర్వాత ఆ అరుగెక్కినవాడు లేడు. పెళ్లికాని ఆడమనిషికి ఎదురుగా కూర్చుని ఆడటం ఎవరికీ మర్యాదగా తోచలేదు. ఆమె చాప పరిచి, బల్ల పెట్టుకుని కొన్నాళ్లు చూసింది. బడిలో తనతో పనిచేసే ఇశ్రాయేలు మాస్టారిని అడిగింది కూడా. ఆయన తల గోక్కుని, "మా ఇంటిది ఊరుకోదమ్మా" అన్నాడు. సొలొమోను గారున్నప్పుడు అదే మనిషి, అదే చెయ్యి వేసిన ఎత్తులకు, అదే చాప మీద పొద్దుపోయేదాకా తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆయన ఇంటిది ఊరుకునే ఉంది.

నాకు నేర్పమని అడిగాను. "నీకు ఆట వచ్చేటప్పటికి పెళ్లవుద్ది. ఆ వచ్చే పిల్ల నిన్ను రానియ్యదు. ఎందుకులేరా" అంది.

అరవై ఒకటిలో నందిగామలో ఒక క్లబ్బువాళ్లు చదరంగం పోటీ పెట్టారు. వకీళ్లూ, తాలూకా ఆఫీసువాళ్లూ పొద్దుపుచ్చుకునే క్లబ్బు అది. గెలిచినవాణ్ణి బందరులో జిల్లా పోటీకి పంపుతామన్నారు. టీచరుగారు పేరిచ్చింది. కప్పు మీద ఆశతో కాదు. "బందర్లో చీట్లో ఎవరి పేరు వస్తే వాళ్లెదురుగా కూర్చోవాల్సిందేనంట. తప్పించుకోను వీల్లేదంట" అంది నాతో. ఆమెకు కావలసింది అదే. నేనూ ఆమెతో బస్సెక్కాను.

క్లబ్బు కార్యదర్శి ఆమెను గుమ్మంలోనే ఆపాడు.

"ఇది పదిమంది మగవాళ్లుండే చోటమ్మా. ఆడితే ఆడండి గాని, కొంగు భుజాల మీదుగా నిండా కప్పుకోవాలి. మాకూ ఇళ్లున్నాయి."

ఆమె కప్పుకుంది. కప్పుకునే వరుసగా గెలిచింది. చివరి ఆటకు మిగిలింది ఆమే, భవానీప్రసాద్ అనే వకీలూ. ఆ ఆటలోనూ ఆమెదే పైచెయ్యి అని చుట్టూ ఉన్నవాళ్ల మౌనాన్ని బట్టి నాకు అర్థమైంది. ఆమె బల్ల అవతలి పక్కనున్న తన ఏనుగు కోసం చెయ్యి చాచింది. కొంగు జారి, ఆమె మంత్రి తలకు తగిలింది. మంత్రి ఊగి నిలబడింది.

"ముట్టిందండీ!" అన్నాడు వకీలు. "ముట్టిన పావునే కదపాలి. మంత్రినే ఆడాలి."

"నేను ముట్టలేదండి. కొంగు తగిలింది."

తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దమనిషి రిటైరైన తాసీల్దారు. కళ్లజోడు సవరించుకుని, "గుడ్డ తగిలినా ముట్టినట్టేనమ్మా. మన ఇళ్లల్లో తెలియని సంగతా?" అన్నాడు.

వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. "ముట్టు సంగతి మనకేం తెలుసండీ! టీచరమ్మనే అడగండి."

హాలంతా నవ్వింది. టీచరుగారు కార్యదర్శి వైపు తిరిగింది.

"కొంగు కప్పుకోమంది మీరేగదండీ?"

"కప్పుకోమన్నాంగాని, బల్ల ఊడవమన్లేదు గదమ్మా" అన్నాడు కార్యదర్శి.

మన ఇళ్లల్లో అన్నాడు తాసీల్దారు. వాళ్ల ఇళ్లల్లో మాలాంటివాళ్ల గుడ్డ తగిలితే ఏం చేస్తారో మాకు తెలుసు. ఆ మైల లెక్కే తెచ్చి ఆట మీద పెట్టాడు. అది అన్యాయమని ఆయనకు తోచి కూడా ఉండదు. పుట్టిన దగ్గర్నుంచి అదే న్యాయం ఆయనకు.

ఆమె రాజు పక్క గడికి ఆ మంత్రి ఒక్కటే కాపలా. అది కదలగానే వకీలు ఏనుగు లోపలికి వచ్చింది. కాసేపటికి ఆట కట్టింది. ఆమె లేచి, వకీలుకు నమస్కారం పెట్టి బయటికొచ్చింది. తర్వాత నేను విజయవాడ వెళ్లి, గ్రంథాలయంలో ఆట నియమాల పుస్తకం వెతికి చదివాను. కావాలని ముట్టుకుంటేనే ముట్టినట్టు అని ఉంది. ఆమెకు చెప్పాను. "నాకు తెలుసురా" అంది.

మరుసటేడు మళ్లీ వెళ్లింది. ఈసారి కొంగు నడుముకు బిగించి దోపుకుంది. కార్యదర్శి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మీకోసం మహిళల విభాగం పెట్టించాం టీచరుగారూ! ఇక మగాళ్లతో ఈ గొడవంతా ఉండదు."

"ఇంకెవరు పేరిచ్చారండి?"

"మీరొక్కరే. మీకు పోటీయే లేదు!"

సాయంత్రం వేదిక మీదికి పిలిచి ప్రథమ బహుమతి ఇచ్చారు. ఇత్తడి కుంకుమ భరిణె. పుట్టి బుద్ధెరిగాక నుదుట బొట్టు పెట్టి ఎరగదు ఆమె. ఆదివారం ఆదివారం చర్చికెళ్లి కీర్తనలు పాడే మనిషి. ఆమె భరిణె వంకా, కార్యదర్శి వంకా చూసి, "నేనెవరి మీద గెలిచానండీ?" అని అడిగింది. "అందరి మీదానమ్మా!" అని ఆయన చప్పట్లు కొట్టించాడు. బందరుకు ఇంకెవరో వెళ్లారు.

ఆ తర్వాత ఆమె నందిగామ పోలేదు. వాళ్లు మాత్రం ఏటా ఆమెనే గెలిపిస్తున్నారు. ఇప్పుడు వత్సవాయి బడికి బదిలీ అయింది. అక్కడ అందరూ "చాంపియన్ టీచరు" అంటారు. పోయిన నెల కూడా భరిణె వచ్చింది, బస్సులో. ఆ బస్సు కండక్టరు బాజీ, మొన్న నేనెక్కినప్పుడు ఆ సంగతి చెప్పాడు.

"పొట్లం ఇస్తే విప్పలేదండీ. 'బాజీ, నీకు చదరంగం వచ్చా?' అంది. 'యాడిదమ్మా, నాకు పులీమేకా తప్ప ఏంరాదు' అన్నా. 'అయితే అదే ఆడదాం, కూర్చో' అంది. పంపుకాడ ఆడోళ్లంతా చూస్తన్నారు. మా ఇంటిది హుస్సేన్‌బీ చెవిన పడితే నాకు కూడుండదు. పాపం, అప్పటికే సుద్దముక్కతో గీతలు గీసేసిందండి. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశా."

టిక్కెట్టు చించి నా చేతిలో పెట్టాడు.

"నిజానికి అప్పటికింకా చాలా టైముందండి" అన్నాడు.