వదిలెయ్యాల్సిన గడి

ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో హాజరు పట్టీలు నింపిన చెయ్యి. ఆ జబ్బు ఎంతపని చేసిందో చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది.

ఉప్పాడలో మా వీధికీ సముద్రానికీ మధ్య ఇంకో రెండు వీధులుండేవి. ఇప్పుడు లేవు. ఇళ్ళతోపాటు పెళ్ళిఫొటోలూ, పాత కాగితాలూ నీళ్ళపాలవుతుంటే, ఊళ్ళో చదువుకున్నవాళ్ళం కొందరం కలిసి, మిగిలినవాటినైనా స్కాన్ చేసి ఒక వెబ్‌సైట్‌లో దాచాలనుకున్నాం. తుఫాను షెల్టర్‌లో స్కానర్ పెట్టుకుని కూర్చున్నాం. జనం సంచుల్లో, చీర కొంగుల్లో చుట్టి తెచ్చేవారు. ఎవరి ఫొటో, ఏ ఊరు, ఎప్పటిది అని వివరాలు ఎక్కించే పని నాది.

మా పిన్ని మాత్రం రాలేదు. పదహారేళ్ళ కిందట బాబాయి చేపల వేటకు వెళ్ళాడు, వెనకాలే తుఫాను వచ్చింది. పడవా రాలేదు, మనిషీ రాలేదు. శవం దొరకని మనిషిని పోయాడనడానికి పిన్ని ఒప్పుకోలేదు. చనిపోయినట్టు కాగితం ఇస్తామని ఆఫీసువాళ్ళు ఇంటికొచ్చినా వేలిముద్ర వెయ్యలేదు, బొట్టు తియ్యలేదు. మా ఇళ్ళల్లో గోడకెక్కేవి పోయినవాళ్ళ ఫొటోలే. అందుకని బాబాయి ఫొటోని ట్రంకుపెట్టెలో, ఆయన చొక్కాల మధ్య ఉంచింది. ఈ ఏడాది అలలు ఆమె పెరటి గోడను పడగొట్టాయి. అప్పుడు నేనే వెళ్ళి పట్టుబట్టాను.

“ఇందులోకి ఎక్కిస్తే ఆయనకేం కాదు కదమ్మా?” అంది, ఫొటో నా చేతిలో పెడుతూ.

“ఏమవుద్ది పిన్నీ? పదిలంగా ఉంటాడు” అన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఫారంలో పుట్టిన ఏడు, పోయిన ఏడు అని పక్కపక్కన రెండు గడులు. రెండోది వదిలేసినా ఇబ్బందేం లేదు. బతికున్నవాళ్ళకి అలాగే వదిలేస్తున్నాం. బాబాయి దగ్గరకొచ్చేసరికి నా వేలు ఆగింది. మనసు కీడు శంకించింది. అయినా ఎప్పటికైనా ఎవరో ఒకరు నిజం రాయాలి కదా అని, పెద్ద తెలిసినదానిలా తుఫాను వచ్చిన ఏడు వేసేశాను.

ఆదివారం సాయంత్రం షెల్టర్‌లో తెరకట్టి అందరికీ చూపించాం. పొద్దుటినుంచీ సముద్రం పోటుమీదుంది. బీచ్‌రోడ్డు మూసేశారని ఎవరో చెప్పారు. అలల దెబ్బ కాళ్ళ కింద నేలలో తెలుస్తోంది. పిన్ని ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నాలుగైదు ఫొటోలు నడిచాక గమనించాను. చనిపోయిన ఏడు నింపిన ప్రతి ఫొటో కిందా సైటు దానంతటదే ఒక దీపం బొమ్మ పెడుతోంది. లేచి ఆపమని చెప్పాలి. ఇంతమందిలో ఏమని చెప్పను? ఇంకా మూడు ఫొటోలున్నాయి, రెండున్నాయి అని లెక్కపెట్టుకుంటూ అలాగే కూర్చుండిపోయాను.

బాబాయి వచ్చాడు, కొత్త చొక్కాలో, కాస్త బిడియంగా. కింద దీపం వెలుగుతోంది.

పిన్నికి చదువు రాదు. దీపం ఎవరికి పెడతారో తెలుసు. పక్కావిడని ఏదో అడిగింది, ఆవిడ అంకె చదివి చెప్పింది. “ఎవరేశారు?” అంది పిన్ని. నాలుగు తలలు నా వైపు తిరిగాయి. ఆమె లేచి వెళ్ళిపోయింది.

తెల్లారగానే ఆ ఏడు చెరిపేసి, ఫోన్ పట్టుకుని పరిగెత్తాను. పిన్ని గుమ్మంలో కూర్చునుంది. నుదురు బోసిగా ఉంది.

“తీసేశాను పిన్నీ. ఇదిగో చూడు, దీపం లేదు. తప్పు నాదే” అన్నాను.

ఫోన్‌కేసి చూడలేదు. కోపం కూడా లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

“ఏడు నువ్వే తేల్చావు కదమ్మా. రోజు కూడా నువ్వే చెప్పు. తద్దినం ఎప్పుడు పెట్టమంటావు?”