ట్రయల్ పర్మిట్‌కి జిరాక్స్

నాకు యూనిఫారం అంటే భయం. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఉన్న ఎనిమిదేళ్ళలో రోడ్డు మీద వెనక పోలీసు కారు కనపడితే చాలు, తప్పేమీ చేయకపోయినా స్టీరింగు మీద చేతులు చెమట పట్టేవి. మా ఆయన నవ్వేవాడు. నవ్వడానికేం, హెచ్ వన్ వీసా నాది. ఆయన నా వీసా పట్టుకుని వచ్చినవాడు. హైదరాబాదులో టీమ్ లీడ్‌గా చేసిన మనిషి, ఇక్కడ పని చేయడానికి వీల్లేక నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండిపోయాడు. గ్రీన్ కార్డుకి అప్లై చేసే వంతు వస్తే తప్ప ఆయనకి ఉద్యోగం లేదు.

2012 చలికాలంలో ఆ వంతు వచ్చింది. లాయరు పంపిన ప్రశ్నల కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని కూర్చున్నాం. అందులో ఒక ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద ఏ అధికారైనా కేసు గానీ జరిమానా టికెట్ గానీ రాశారా అని. "లేదు" అని రాసి, దాని కింద రెండుసార్లు గీత గీశాను.

"గీతలెందుకే, లేనిపోని అనుమానం వస్తుంది లాయరుకి" అన్నాడు మా ఆయన. కాగితాలు సోమవారం పంపాలి.

సరిగ్గా అలాంటి వారాంతంలో బుద్ధున్నవాళ్ళెవరైనా స్నోమొబైల్ ఎక్కుతారా? మేం ఎక్కాం. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరై వెచ్చటి ఊరికి వెళ్ళిపోతూ, తన పాత స్నోమొబైల్‌ని కారు వెనక తగిలించే ట్రైలర్‌తో సహా మాకు అంటగట్టాడు. మంచు మీద పోయే మోటార్ సైకిల్ అనుకోండి. ముందు చక్రం బదులు జారడానికి రెండు స్కీ పలకలు, వెనక రబ్బరు పట్టా. మా ఆయనకి నాలుగేళ్ళలో మొదటిసారి చేతినిండా పని దొరికింది. రోజంతా గరాజ్‌లో కూర్చుని దాన్ని విప్పేవాడు, బిగించేవాడు. ఆ మొహంలో వెలుగు చూసి కాదనలేకపోయాను.

రూల్స్ అన్నీ నేనే చదివాను. రిజిస్ట్రేషన్ మా పేరు మీదికి మార్పించాను. ట్రయల్ మీద, అంటే అడవిలో ఈ బళ్ళ కోసమే వేసిన దారి మీద నడపాలంటే ఏటా విడిగా పర్మిట్ కొనాలి. చేపలు పట్టుకునే లైసెన్సులు అమ్మే కొట్లోనే అదీ ఇస్తారు. కొట్లో మనిషి చేతిలో పెట్టిన చిన్న స్టిక్కర్ చూసి మా ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఒరిజినల్‌ని తీసుకెళ్ళి మంచులో నానే బండికి ఎవరైనా అంటిస్తారా? ఇంటికొచ్చి కలర్ జిరాక్స్ తీసి, లామినేషన్ చేయించాం. ఒరిజినల్‌ని పాస్‌పోర్టులూ డిగ్రీ సర్టిఫికెట్లూ ఉన్న ఫైల్లో, ప్లాస్టిక్ కవర్లో పెట్టాం. ఒరిజినల్ చేయి దాటనివ్వకూడదని కాలేజీ అడ్మిషన్ల నాటినుంచీ మా ఇళ్ళలో నూరిపోశారు మరి. ముందు లైటు దగ్గర అంటించాలని పర్మిట్‌తో ఇచ్చిన కాగితంలో రాసే ఉంది. చదివాను కూడా. అది జాగ్రత్త తెలియనివాళ్ళ కోసం రాశారనుకున్నాను.

శనివారం పొద్దున్నే మూడున్నర గంటలు ఉత్తరానికి డ్రైవ్ చేసి వెళ్ళాం. అటూ ఇటూ పైన్ చెట్లు, మధ్యలో చదును చేసిన మంచు దారి. ముందు ఆయన నడిపాడు. కాసేపటికి "ఇంద, నువ్వు నడుపు, భయం పోతుంది" అని నన్ను ముందు కూర్చోబెట్టాడు. నిజంగానే పోయింది. ఒక పావుగంట సేపు చిన్నపిల్లలా కేకలు పెట్టాను. తర్వాత రోడ్డు అడ్డొచ్చిన చోట పక్కకి ఆపి, హెల్మెట్లు తీసి, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాం. మేం వచ్చిన దారిలోనే ఇంకో స్నోమొబైల్ వచ్చి మా పక్కన ఆగింది. దిగినతని జాకెట్ మీద బ్యాడ్జి ఉంది, నడుముకి తుపాకి ఉంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి.

అడవుల్లో వేటకీ ట్రయల్స్‌కీ రూల్స్ అమలుచేసే ఆఫీసరతను. మర్యాదగానే పలకరించాడు. బండి ముందు వంగి చూసి, పర్మిట్ ఏదని అడిగాడు. జాకెట్ జిప్ తీసి లామినేషన్ ముక్క అందించాను. అటూ ఇటూ తిప్పి, ఇది కాపీ కదా అన్నాడు.

"యెస్ సర్. ఒరిజినల్ ఈజ్ వెరీ సేఫ్ సర్. ఎట్ హోమ్."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒకే పర్మిట్‌తో నాలుగు బళ్ళు నడిపేవాళ్ళు ఇలాగే కాపీలు తీస్తారని చెప్పాడు. స్టిక్కర్ బండికి అంటించి ఉంటేనే పర్మిట్ ఉన్నట్టట, లేకపోతే టికెట్ రాయాలట. చెప్తూనే టికెట్ల పుస్తకం బయటికి తీశాడు.

అతను రాస్తే సోమవారం మేం పంపబోయే "లేదు" అబద్ధమవుతుంది. అంతవరకే ఆలోచించగలిగాను. ఆ పుస్తకం, ఆ తుపాకి తప్ప నాకింకేమీ కనపడలేదు. బండి ఎవరు నడుపుతున్నారని అడిగాడు.

నా చెయ్యి మా ఆయన వైపు లేచింది. "హీ వాజ్ డ్రైవింగ్" అన్నాను.

ఆయన నా వైపు చూడను కూడా లేదు. "యెస్ సర్, ఐ వాజ్ డ్రైవింగ్" అని తడుముకోకుండా జేబులోంచి లైసెన్సు తీసి ఇవ్వబోయాడు.

ఆఫీసరు అందుకోలేదు. నా ఎర్ర జాకెట్ వైపు, ఆయన నల్ల జాకెట్ వైపు మార్చి మార్చి చూశాడు. మైలు దూరం నుంచి మీ వెనకే వస్తున్నాను, ముందు కూర్చున్నది ఎర్ర జాకెట్ అన్నాడు.

ఇప్పుడిది స్టిక్కర్ సంగతి కాదు, ఆఫీసరుతో అబద్ధమాడిన సంగతి. భోరుమని ఏడ్చేశాను. వీసా, లాయరు, ఆ ప్రశ్న, సోమవారం అన్నీ కలగాపులగంగా చెప్పాను. అతనికి ఏం అర్థమైందో తెలియదు. పుస్తకం మూశాడు. స్టిక్కర్ లేకపోవడం చిన్న విషయం, నాతో అబద్ధమాడటం చిన్నది కాదు, ఇంకెప్పుడూ చేయకండి అన్నాడు. ఏమీ రాయలేదు. మా వెనకే పార్కింగ్ దాకా వచ్చి, బండిని ట్రైలర్ మీదికి ఎక్కించేదాకా నిలబడ్డాడు.

తిరుగు దారిలో గంటసేపు అద్దంలో వెనక వచ్చే కార్లనే చూస్తూ కూర్చున్నాను. మనసు మార్చుకుని వస్తాడేమోనని భయం. ఆయన డ్రైవ్ చేస్తున్నాడు.

"సారీ" అన్నాను చివరికి.

"దేనికి?"

"నువ్వని చెప్పాను కదా."

"కరెక్టే చెప్పావు. గ్రీన్ కార్డు కేసు నీ పేరు మీద ఉంది. నీది పోతే ఇద్దరం పోతాం. నాది పోతే నేనొక్కణ్ణే పోతాను. అంత కంగారులో కూడా భలే ఆలోచించావు" అన్నాడు. మాటలో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

అవునన్నట్టు తలూపాను. నేను ఏమీ ఆలోచించలేదు. చెయ్యి లేచిన క్షణంలో నాకు కేసూ గుర్తులేదు, ఆయనా గుర్తులేడు. తర్వాత గ్రీన్ కార్డులొచ్చాయి, ఆయనకి ఉద్యోగమొచ్చింది. స్నేహితులు ఇంటికొస్తే ఆయన ఇప్పటికీ నా సమయస్ఫూర్తి గురించి ఆ కథ చెప్తాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.