యల్లక్క తోటలో ముంచని కత్తెరలు

యల్లక్కది పెనుకొండ దగ్గర పల్లె. ఎకరా నేల, నూట అరవై దానిమ్మ చెట్లు. నాటిన మొదటి ఎండాకాలం బోరు ఎండిపోతే బిందెలతో నీళ్లు మోసి వాటిని బతికించుకున్న మనిషి. ఏ చెట్టు ముందు పూసిందో, ఏది మొండికేసిందో కడుపున పుట్టిన పిల్లల గురించి చెప్పినట్టు చెప్పేది. చిన్న రైతులకు తోట పని నేర్పే ఉద్యోగం నాది. హిందూపురం నుంచి బస్సులో వెళ్లి ఆమెకు పాఠాలు చెప్పేదాన్ని. నిజానికి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ సంగతి బయటపడకుండా జాగ్రత్తపడేదాన్ని.

కొమ్మల కత్తిరింపు నేర్పాలంటే ఎవరిదైనా తోట కావాలి. ఎవరూ ఒప్పుకోలేదు. యల్లక్క మాత్రం తన తోట ఇచ్చి, ఇరవైమందికి సంగటి, శనక్కాయల చట్నీ కూడా తానే చేసిపెట్టింది. వచ్చిన రైతులు ఎవరి కత్తెర వాళ్లు తెచ్చుకున్నారు. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను మందునీళ్లలో ముంచాలి. లేకపోతే ఒక తోటలోని మచ్చతెగులు ఇంకో తోటకు అంటుకుంటుంది. ఆ మందు సీసా నేను ఇంట్లో మర్చిపోయాను. వచ్చినవాళ్లను వెనక్కి పంపితే పరువు పోతుందని, ముంచాలన్న ఆ ఒక్క మాట మింగేసి, కత్తిరించండి అన్నాను.

వానలు పడ్డాక ఆకుల మీద, తర్వాత కాయల మీద నల్లమచ్చలు లేచాయి. పంట ముప్పాతిక పోయింది. వెళ్లి చూసి, గాలివాటున వచ్చి ఉంటుందన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

యల్లక్క గాలిని నమ్మలేదు. ముట్టు రోజుల్లో కోడలు పుష్ప తోటలో అడుగుపెట్టినందుకే ఇలా అయిందని తేల్చేసింది. కారణం వెతుక్కునే అత్తకు కోడలు దొరికినంత సులువుగా ఇంకెవరు దొరుకుతారు! ఏడాదిపాటు పుష్పను తోట గట్టు ఎక్కనివ్వలేదు. బోరు ఎండిన ఆ ఎండాకాలం అత్త వెనకే రెండో బిందె మోసింది పుష్పే. నింద పుష్ప మీద పడిందని తెలిశాక కూడా నేను నెలరోజులు నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయం.

మొన్న పెనుకొండలో కొత్త శిక్షణ పెట్టి, అనుభవం చెప్పమని యల్లక్కను పిలిచారు. మేడమ్ అంతా సరిగ్గానే నేర్పిందనీ, తప్పు తన ఇంట్లోనే జరిగిందనీ ఆమె అందరికీ చెప్పింది. ఇక కూర్చోలేకపోయాను. సీసా సంగతి, మింగిన మాట, గాలి మీదకు నెట్టిన అబద్ధం, అన్నీ అక్కడే చెప్పేశాను. క్షమించమని చేతులు పట్టుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది.

"నాకెందుకు చెప్తాండావు హేమావతి మేడమ్? మాటలు పడింది ఇంట్లో ఉండాది. పోదాం పా."

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పుష్ప వాకిట్లో రాగులు చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. చేట ఆపి చివరిదాకా వింది. నా వైపు చూడనే లేదు. గుంజకు ఆనుకుని నిలబడిన యల్లక్క వైపు చూసి, మెల్లగా అడిగింది.

"అయితే రేపు తోటకు నేనూ రావొచ్చా అత్తా?"

యల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తల ఎత్తలేకపోయాను.