రెండో చూపు

త్రాసులు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ గురివింద అనేవారు. తక్కెడలో గురివింద గింజంత తేడా ఉన్నా పట్టేస్తాడని ఎప్పుడో ఎవరో మెచ్చుకోలుగా అన్న మాట ఇంటిపేరులా అతుక్కుపోయింది. సంత వెనక ఒంటిగది దుకాణం ఆయనది. అరల నిండా ముల్లు వంగినవీ పళ్ళెం సొట్టపోయినవీ త్రాసులు. గుమ్మం పక్కన మనిషెక్కి నిలబడే ఇనప కాటా. బల్ల మీద నీలం గుడ్డ పరిచిన పెట్టెలో ఇత్తడి తూకపు రాళ్ళు. వాటిని వట్టి చేత్తో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. చేతి చెమటకూ బరువుంటుందనేవాడు.

ఆ దుకాణానికి ఒకటే కట్టుబాటు. బాగుచేసిన చెయ్యే సరిచూడకూడదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! అందుకని ఆయన బిగించిన ప్రతి త్రాసునూ భార్య మొదటినుంచీ రాళ్ళు వేసి చూసేది. మూలన కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేది. తూకం సరిపోతే పళ్ళెం అడుగున సుద్దతో చిన్న టిక్కు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు రెండో చూపు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె ఒక్క త్రాసునూ వెనక్కి ఇవ్వలేదు. ఆయన పైకి అనేవాడు కాదు గాని, ఆ టిక్కు పడేదాకా ఊపిరి బిగబట్టే ఉండేవాడు.

యాభై రెండో ఏట ఆయనకు చక్కెర జబ్బు బయటపడింది. అన్నకూ అదే జబ్బు. మొదట బొటనవేలు తీశారు, తర్వాత పాదమే తీశారు. అన్న పోయాక మంచం కింద చెప్పుల జత కనబడింది. ఒకటి మడమ దగ్గర అరిగిపోయి ఉంది, రెండోది కొత్తదానిలా ఉంది. ఆ సంగతి గురివింద ఎవరికీ చెప్పలేదు. రోజూ స్నానమయ్యాక మాత్రం తలుపు వేసుకుని కాలివేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకునేవాడు.

అలా ఆరేళ్ళు గడిచాక ఒకనాడు సైకిళ్ళ దుకాణం నడిపే బావమరిది ఊడిపడ్డాడు.

"బావా, మూడు రోజులు వట్టి మంచినీళ్ళ మీదున్నా. ఒళ్ళు దూదిపింజ అయిపోయిందనుకో. నువ్వు రెండు వారాలుంటే నీ జబ్బు వేళ్ళతో సహా పోతుందట. ఫోనులో ఒకాయన చెప్పాడు."

"ఆ ఫోనులో ఆయన మీ బావ నాడి చూశాడట్రా?" మిషను దగ్గర్నుంచి అక్క అడిగింది.

"అక్కా, నీకన్నీ అనుమానాలే!"

"ఉన్నది ఒక్క మొగుడు. అనుమానం ఉండదూ?"

గురివిందకు మాత్రం ఆ మాట మనసులో పడింది. "పళ్ళెం ఖాళీ చెయ్యకుండా ఏ త్రాసైనా బాగుచేస్తామా? ముల్లు సున్నా దగ్గర నిలబడితేగా మిగతా తూకం! ఒళ్ళూ అంతేనేమో" అన్నాడు.

"డాక్టరమ్మనొకసారి అడుగుదామండీ."

"అడిగితే వద్దంటుంది."

"అయితే ఆవిడ మాట మీకు ముందే తెలుసన్నమాట!"

ఆయన నవ్వేసి మర్నాటినుంచి తిండి మానేశాడు. మాత్రలు మానలేదు. మాత్రలూ ఉపవాసమూ కలిస్తే జబ్బు ఇంకా తొందరగా లొంగుతుందనుకున్నాడు. పొద్దున్నే కాటా ఎక్కి, తలుపు మీద సుద్దతో అంకె వేసేవాడు. అయిదో రోజుకు నాలుగు కిలోలు తగ్గాడు. వేలికి సూది గుచ్చి చూసుకుంటే చక్కెర ఎన్నడూ లేనంత కిందికి దిగింది. ఆ పూట ఆయన మొహం చూస్తే భార్యకు వద్దనడానికి నోరు రాలేదు. ఆరో రోజు లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. లోపలి చెడు పోతోందిలే అన్నాడు. ఏడో రోజు ఆమె కంచం చూశాడు.

"నువ్వెందుకు సగం తిని వదిలేశావు?"

"మీ ఎదురుగా నములుతుంటే నా నోరే నాకు బరువుగా ఉంది."

ఎనిమిదో రోజు మందుల దుకాణం వాళ్ళ చిన్న త్రాసు వచ్చింది. పసిపిల్లలకు పొడి మందులు తూచేది. ఆయన మధ్యాహ్నం దాకా దాని మీదే వంగి కూర్చుని, బిగించి, భార్య వైపు జరిపాడు. ఆమె రాయి వేసింది. ముల్లు నడిమి గీత దగ్గర ఆగలేదు. రాళ్ళు తుడిచి మళ్ళీ వేసింది. మూడోసారీ అంతే. సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఏమండీ, అర గ్రాము తేడా ఉంది."

"ఇన్నేళ్ళకు నా పనికే వంక పెడతావా?"

"వంక నేను పెట్టలేదండీ. రాయి పెట్టింది. ఈ అర గ్రాము ఏ పసిబిడ్డ నోట్లోకి పోయేదో!"

ఆయన విసురుగా లేచి పట్టకారుతో రాయి అందుకున్నాడు. రాయి పళ్ళేనికి తగిలి టకటకలాడింది. వణుకుతున్నది తన చెయ్యేనని ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నుదుట చెమట బొటబొటా కారింది. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. మోకాళ్ళు మడతపడ్డాయి.

ఆమె ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, మింగగలుగుతున్నాడని చూసుకుని, చక్కెర నీళ్ళు గుక్క గుక్కగా పట్టింది. కబురందుకుని తమ్ముడు ఆటో తెచ్చాడు.

డాక్టరమ్మ కేకలేయలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉపవాసంతో మీ చక్కెర తగ్గలేదని నేననను. తగ్గింది. తిండి మొదలెట్టాక ఎన్నాళ్ళు అలా ఉంటుందో నాకు తెలీదు. కొందరికి మేలు చేస్తుందంటారు, ఎవరికి చేస్తుందో ముందుగా చెప్పలేం. పోయిన బరువులో నీరెంతో, కండ ఎంతో మీ కాటా చెప్పదు. ఒక్కటి మాత్రం తెలుసు. తిండి లేకుండా ఈ మాత్రలు మింగితే ప్రాణం మీదికొస్తుంది."

"అయితే ఇక కడుపునిండా పెట్టొచ్చా అమ్మా?" భార్య ఆత్రంగా అడిగింది.

"అదీ ప్రమాదమే. ఇన్నాళ్ళు మాడిన ఒంటికి ఒక్కసారిగా పెడితే రక్తంలో లవణాలు తారుమారవుతాయి. కొద్దికొద్దిగా పెడదాం. రోజూ రక్తం చూస్తూ నాలుగు రోజులు ఇక్కడే ఉంచుకుంటాను."

ఆవిడ వెళ్ళాక భార్య చెంచాతో పల్చటి జావ పట్టింది. రెండు చెంచాలు మింగి ఆయన పైకప్పు చూస్తూ అన్నాడు.

"గురివింద తన నలుపెరగదంటారు. నాకా పేరు సరిగ్గానే పెట్టారు."

"పెట్టినవాళ్ళు పిచ్చివాళ్ళా ఏంటి?" అందామె. ఆ మాట అంటూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడు చెప్పాడు, అన్న చెప్పుల సంగతి. ఒకటి అరిగి, ఒకటి కొత్తగా ఉండటం. రోజూ తలుపు వేసుకుని వేళ్ళు తడుముకోవడం. ఆమె చెంచా గిన్నెలో పెట్టేసింది.

"ఆరేళ్ళుగా మీరొక్కరే చూసుకుంటున్నారా?"

"ఊఁ."

"బాగుచేసిన చెయ్యే సరిచూడకూడదని నాకు నేర్పింది ఎవరండీ?"



దుకాణం తెరిచాక ఆయన చేసిన మొదటి పని, ఆ మందుల త్రాసు విప్పి మళ్ళీ బిగించడం. ఆమె మూడుసార్లు తూచి సుద్దతో టిక్కు పెట్టింది. ఆయన ఊపిరి వదిలాడు. తలుపు మీది అంకెలు అప్పటికే బావమరిది వచ్చి తడిగుడ్డతో తుడిచేసి పోయాడు.

"నా సంగతేంటి మరి?" అన్నాడు గురివింద.

"మీరింకా అర గ్రాము తేడాగానే ఉన్నారు. కాళ్ళు ఇలా పెట్టండి."

ఆమె కళ్ళజోడు తుడుచుకుని, ఆయన పాదాలు ఒళ్ళోకి తీసుకుంది. గుమ్మంలోంచి పడే వెలుతురుకు తిప్పి, వేలు వేలునా, సందు సందునా చూసింది. ఎడమ మడమ దగ్గర చిన్న పగులుంటే కాస్త నూనె రాసింది. చివరి వేలు అయ్యాక సుద్దముక్క అందుకుని ఆయన బొటనవేలి గోరు మీద చిన్న టిక్కు పెట్టింది.